పనిచోట వేధింపులు: చట్టం ఎక్కడ వింటుంది, ఎక్కడ వినదు

సంక్షిప్తంగా

పనిచోట జరిగే వేధింపులన్నిటికీ వర్తించే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. ఉద్యోగి చట్టం దృష్టిలో ఏ తరగతికి చెందుతారు, వేధింపు ఏ రూపంలో ఉంది, ఉద్యోగం ఇంకా ఉందా లేక పోయిందా అన్న మూడు విషయాలను బట్టి ఫిర్యాదు చేయవలసిన చోటు మారుతుంది. లైంగిక వేధింపు, కులం పేరుతో అవమానం, వైకల్యాన్ని ఎత్తిచూపి కించపరచడం, అన్యాయంగా తొలగించడం వంటి వాటికి స్పష్టమైన దారులున్నాయి. పై అధికారి రోజూ తిట్టడం, నలుగురిలో చులకన చేయడం, పని ఇవ్వకుండా కూర్చోబెట్టడం వంటి వాటికి మాత్రం సూటిగా వర్తించే చట్టం దొరకదు. అక్కడ ఉద్యోగి దగ్గరున్న రాతపూర్వక ఆధారాలు, గడువులోగా వేసిన దరఖాస్తు కీలకమవుతాయి.

నిర్వచనం లేని సమస్య

వరంగల్, హనుమకొండ, కరీంనగర్, రామగుండం ప్రాంతాల్లో ఉద్యోగాల తీరు గత పదేళ్లలో చాలా మారింది. మడికొండ ఐటీ పార్కు, గీసుగొండ–సంగెం మండలాల్లోని కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు, కార్పొరేట్ ఆసుపత్రులు, సూక్ష్మ రుణ సంస్థల శాఖలు, ఆన్‌లైన్ డెలివరీ గోదాములు కొత్త కొలువులను తెచ్చాయి. బొగ్గు గనులు, రైల్వే, విద్యుత్ కేంద్రాల్లో కార్మిక సంఘాలకు దశాబ్దాల చరిత్ర ఉంది. అక్కడ ఒక కార్మికుడికి మెమో వస్తే మాట్లాడటానికి యూనియన్ నాయకుడు ఉంటాడు. కొత్తగా వచ్చిన చాలా సంస్థల్లో ఆ ఏర్పాటు లేదు. టార్గెట్ అందుకోలేదని మీటింగులో నిలబెట్టి తిట్టడం, సెలవు అడిగితే వాట్సాప్ గ్రూపులో ఎగతాళి చేయడం, రాజీనామా రాసి ఇమ్మని గదిలో కూర్చోబెట్టడం వంటివి ఎదురైనప్పుడు ఉద్యోగికి మొదట కలిగే సందేహం ఒకటే: దీన్ని ఎవరికి చెప్పాలి?

కొన్ని దేశాల్లో ఈ ప్రశ్నకు జవాబు సులువు. స్వీడన్ 1993లోనే దీనిపై నియమాలు చేసింది. ఫ్రాన్స్ 2002లో మానసిక వేధింపును శిక్షార్హం చేసింది. ఆస్ట్రేలియాలో 2014 జనవరి 1 నుంచి ఉద్యోగంలో ఉండగానే వేధింపును ఆపించే ఉత్తర్వు కోసం కార్మిక న్యాయసంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చు. దక్షిణ కొరియా 2019లో, జపాన్ 2020లో అధికార దుర్వినియోగంతో చేసే వేధింపుపై యజమానులకు బాధ్యతలు విధించాయి. పని ప్రపంచంలో హింస, వేధింపులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో చేసిన 190వ ఒప్పందం 2021 జూన్‌లో అమలులోకి వచ్చింది. భారత్ దానిని ఆమోదించలేదు.

మన చట్టాలకు ఈ సమస్య తెలియదని చెప్పడం మాత్రం సరికాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో వచ్చి, తెలంగాణలోనూ కొనసాగుతున్న ర్యాగింగ్ నిషేధ చట్టం ప్రకారం విద్యార్థిని ఏడిపించడం, ఇబ్బంది పెట్టడం, అవమానించడం కూడా నేరాలే; ఆరు నెలల వరకు జైలు శిక్ష పడవచ్చు. దెబ్బలు తగలవలసిన అవసరం లేదు, బెదిరింపు ఉండవలసిన అవసరమూ లేదు. ఒక బోధనాసుపత్రిలో పీజీ వైద్య విద్యార్థిని సీనియర్ పదేపదే అవమానిస్తే ఈ చట్టం వర్తిస్తుంది. అదే వార్డులో స్టాఫ్ నర్సును పై అధికారి అవే మాటలతో అవమానిస్తే వర్తించదు. మాటలు అవే, గోడలూ అవే. నర్సు చేరింది చదువుకోవడానికి కాక జీతానికి కాబట్టి రక్షణ తగ్గిపోతోంది. శాసనకర్తలు ఈ తేడాను కావాలని పెట్టారనడానికి ఆధారం లేదు గానీ, దాని భారం మోస్తున్నది మాత్రం ఉద్యోగులే.

మొదటి ప్రశ్న: చట్టం దృష్టిలో ‘కార్మికుడు’ ఎవరు

కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లే ముందు తేల్చుకోవలసింది ఇదే. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చాయి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. చేతిపని, నైపుణ్యపు పని, సాంకేతిక పని, గుమాస్తా పని చేసేవారు దాని కింద కార్మికులు. జర్నలిస్టులు, మందుల కంపెనీల ప్రతినిధులు కూడా ఆ నిర్వచనంలో ఉన్నారు. ప్రధానంగా యాజమాన్య లేదా పాలనా బాధ్యతల్లో ఉన్నవారు, నెలకు 18,000 రూపాయలకు మించి జీతం తీసుకునే పర్యవేక్షకులు దాని పరిధిలోకి రారు.

ఇక్కడ హోదా పేరు చూసి నిరాశపడవలసిన పని లేదు. ‘మేనేజర్’, ‘ఎగ్జిక్యూటివ్’, ‘టీమ్ లీడర్’ అన్న పేర్లను కంపెనీలు ధారాళంగా ఇస్తాయి. న్యాయస్థానాలు చూసేది కార్డు మీది పేరును కాదు, ఉద్యోగి నిజంగా చేసే పనిని. కింద ఒక్కరూ లేకుండా, సెలవు మంజూరు చేసే అధికారం లేకుండా రోజంతా కంప్యూటర్ ముందు సాంకేతిక పని చేసే వ్యక్తి జీతం ఎంత ఎక్కువైనా కార్మికుడేనని వాదించడానికి అవకాశం ఉంటుంది. ఎంత ఎక్కువ జీతం ఉంటే అంత తక్కువ హక్కులని చాలామంది అనుకుంటారు. సాంకేతిక పనివారి విషయంలో అది పూర్తిగా నిజం కాదు.

కార్మికుడని తేలితే, 20 మంది లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో యాజమాన్య ప్రతినిధులు, కార్మిక ప్రతినిధులు సమాన సంఖ్యలో ఉంటారు. మొత్తం పది మందికి మించరు. సమస్య తలెత్తిన ఏడాదిలోగా దరఖాస్తు ఇవ్వాలి, కమిటీ 30 రోజుల్లో విచారణ ముగించాలి. నిర్ణయం నచ్చకపోయినా, గడువులో తేల్చకపోయినా 60 రోజుల్లోగా కార్మిక సంఘం ద్వారా కార్మిక శాఖలోని రాజీ అధికారి దగ్గరకు వెళ్లవచ్చు. ఉద్యోగం ఉండగానే వేధింపు గురించి మాట్లాడగలిగే దారుల్లో ఇదొకటి. అయితే ఈ దారి సంఘం గుండా వెళ్తోంది. సంఘంలో సభ్యత్వం లేనివారికి, అసలు సంఘమే లేని సంస్థల్లో పనిచేసేవారికి ఇది సగంలో ఆగిపోతుంది. చిన్న బెదిరింపుకే సంఘాన్ని వదులుకునే కొత్త సంస్థల సిబ్బంది గమనించవలసిన విషయమిది.

తొలగింపు జరిగితే నియమం వేరు. అప్పుడు ఒంటరి కార్మికుడే రాజీ అధికారికి దరఖాస్తు ఇవ్వవచ్చు. 45 రోజులు గడిచినా తేలకపోతే నేరుగా ఉద్యోగ వివాదాలను తేల్చే పారిశ్రామిక ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. తొలగించిన తేదీ నుంచి రెండేళ్లలోపే వెళ్లాలి. పాత చట్టంలో ఈ గడువు మూడేళ్లు ఉండేది. పాత లెక్క గుర్తుపెట్టుకుని ఆగిన వారికి నష్టం తప్పదు. ఉత్తర తెలంగాణలో వరంగల్, గోదావరిఖనిలో పారిశ్రామిక ట్రిబ్యునల్–లేబర్ కోర్టులు పనిచేస్తూ వచ్చాయి. కోడ్ ప్రకారం కొత్త ట్రిబ్యునళ్లు ఏర్పడవలసి ఉన్నందున, దరఖాస్తు ఎక్కడ వేయాలో ముందుగా లేబర్ ఆఫీసులో అడిగి రూఢి చేసుకోవడం మేలు. గనులు, రైల్వే వంటి వాటికి రాష్ట్ర కార్మిక శాఖ కాక కేంద్ర కార్మిక కమిషనర్ల యంత్రాంగం వర్తిస్తుంది. గోదావరిఖని గని కార్మికుడికీ, పక్క వీధి దుకాణంలోని గుమాస్తాకూ రాజీ అధికారులు వేరు.

కక్షసాధింపుతో తొలగించడం, యాజమాన్య విధానం పేరు చెప్పి దురుద్దేశంతో బదిలీ చేయడం వంటివి ఈ కోడ్ రెండవ షెడ్యూలులో అనుచిత కార్మిక విధానాలుగా నమోదై ఉన్నాయి. వేధింపు అన్న మాట ఆ జాబితాలో లేకపోయినా, వేధింపు చివరికి ఏ రూపం తీసుకుంటుందో అది మాత్రం ఉంది.

దుకాణాల చట్టం: చాలామంది మరిచిపోయే దారి

షోరూములు, ప్రైవేటు కార్యాలయాలు, ఐటీ సంస్థల వారికి 1988 నాటి తెలంగాణ దుకాణాలు, సంస్థల చట్టం ఉపయోగపడుతుంది. ఆరు నెలలు నిరంతరంగా పనిచేసిన ఉద్యోగిని సహేతుకమైన కారణం లేకుండా, నెల రోజుల నోటీసు లేదా దాని బదులు నెల జీతం ఇవ్వకుండా తొలగించరాదని దాని 47వ సెక్షన్ చెబుతుంది. తొలగింపుపై కార్మిక శాఖలోని నిర్దేశిత అధికారి ముందు 48వ సెక్షన్ కింద అప్పీలు వేయవచ్చు. పారిశ్రామిక కోడ్‌లో ‘కార్మికుడు’ అనిపించుకోలేని ఉద్యోగికి కూడా ఇక్కడ చోటు దొరకవచ్చు. సంస్థ వ్యవహారాలపై నియంత్రణ ఉన్న యాజమాన్య స్థాయి వారికి మాత్రమే మినహాయింపు ఉంది. ‘మీరు మేనేజర్ కదా, లేబర్ ఆఫీసు మీకెందుకు’ అన్న మాట విని వెనుదిరిగే ముందు ఈ చట్టాన్ని ఒకసారి చూడటం అవసరం.

ఈ దారికి ఉన్న పరిమితి స్పష్టం. ఉద్యోగం పోయాకే ఇది తెరుచుకుంటుంది. రోజువారీ అవమానాన్ని ఆపించే అధికారం ఇందులో లేదు.

ప్రైవేటు కాలేజీ అధ్యాపకులు

హనుమకొండ చుట్టుపక్కల ప్రైవేటు జూనియర్, డిగ్రీ, ఇంజినీరింగ్ కాలేజీల్లో పనిచేసేవారి పరిస్థితి వేరు. ఉపాధ్యాయులు పారిశ్రామిక వివాదాల చట్టం కింద కార్మికులు కారని సుప్రీంకోర్టు 1988లో, గోవాకు చెందిన ఒక కేసులో తేల్చింది. అదే కాలేజీ బస్సు డ్రైవరు, ఆఫీసు గుమాస్తా కార్మికులే. ఆ విధంగా అడ్మిషన్లు తేలేదని తొలగిస్తే డ్రైవరు రాజీ అధికారి దగ్గరకు పోగలడు, లెక్చరర్ పోలేడు.

లెక్చరర్లకు రక్షణ బొత్తిగా లేదని కాదు. ప్రైవేటు విద్యాసంస్థల సిబ్బందిని విచారణ లేకుండా తొలగించకూడదన్న నియమం 1982 నాటి విద్యా చట్టం 79వ సెక్షన్‌లో ఉంది. దానిని ఉల్లంఘించినప్పుడు హైకోర్టులో రిట్ వేయడానికి ఆస్కారం ఉంటుంది. అయితే ప్రైవేటు పాఠశాల తన సిబ్బందితో కుదుర్చుకున్న సేవా ఒప్పందానికి సంబంధించిన వివాదానికి చట్టబద్ధమైన నియమం అండ లేకపోతే రిట్ నిలవదని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. కాబట్టి పిటిషన్ ‘నన్ను అవమానించారు’ అన్న చోట మొదలైతే బలహీనపడుతుంది. ‘ఫలానా సెక్షన్ చెప్పిన విచారణ జరపలేదు’ అన్న చోట మొదలైతే బలపడుతుంది.

కార్మికుల తరగతిలోకి రాని ఇతర ప్రైవేటు ఉద్యోగులకు సివిల్ కోర్టు మిగులుతుంది. అక్కడ ఉద్యోగాన్ని తిరిగి ఇప్పించడం సాధారణంగా జరగదు. వ్యక్తిగత సేవా ఒప్పందాన్ని బలవంతంగా అమలు చేయించరాదన్నది ప్రత్యేక ఉపశమన చట్టం సూత్రం. నష్టపరిహారం కోరవచ్చు గానీ అది చాలాసార్లు నోటీసు కాలపు జీతాన్ని దాటదు.

సర్కారు కొలువులో

ప్రభుత్వ ఉద్యోగికి ఉద్యోగ భద్రత ఎక్కువ. రాజ్యాంగం 311వ అధికరణం విచారణ లేని తొలగింపును అడ్డుకుంటుంది. అందుకే ఇక్కడ వేధింపు తొలగింపు దాకా వెళ్లకుండా మెమోలు, ఇంక్రిమెంటు నిలిపివేత, మారుమూలకు బదిలీ, గోప్య నివేదికలో ప్రతికూల రాతల రూపం తీసుకుంటుంది. రాష్ట్ర ఉద్యోగులకు 1991 నాటి వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు నియమాల ప్రకారం శిక్షపై అప్పీలు చేసుకునే హక్కు ఉంది. తెలంగాణలో పరిపాలనా ట్రిబ్యునల్ 2016లో రద్దయినందున సేవా వివాదాలు నేరుగా హైదరాబాదులోని హైకోర్టుకే వెళ్తాయి. కాజీపేట రైల్వే సిబ్బంది వంటి కేంద్ర ఉద్యోగులు కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ హైదరాబాద్ ధర్మాసనాన్ని ఆశ్రయించాలి.

షోకాజ్ నోటీసు దశలో న్యాయస్థానాలు సాధారణంగా జోక్యం చేసుకోవు. బదిలీల విషయంలోనూ అంతే. అయితే శిక్షకు బదులుగా, ఎవరో ఇచ్చిన ఆకాశరామన్న ఫిర్యాదును ఆధారం చేసుకుని బదిలీ చేస్తే అది చెల్లదని 2008లో ఒక కేంద్ర ఉద్యోగి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దురుద్దేశం ఉందని ఆరోపిస్తే సరిపోదు, ఏ అధికారికి, ఏ కారణంతో అన్నది వివరంగా చెప్పి, ఆ అధికారిని పేరుతో ప్రతివాదిగా చేర్చాలి. స్థానిక నాయకుడి చేత ఫోను చేయించడం మన దగ్గర మామూలే గానీ, బయటి పలుకుబడిని తేవడం ప్రవర్తనా నియమావళికి విరుద్ధం. తర్వాత అదే మరో మెమోకు కారణం కాగలదు.

అవుట్‌సోర్సింగ్ సిబ్బంది స్థితి ప్రభుత్వ, ప్రైవేటు కొలువుల మధ్య ఇరుక్కుంది. తిట్టేది ప్రభుత్వ కార్యాలయ అధికారి, కాగితం మీద యజమాని ఏజెన్సీ. వీరు రాసే ప్రతి ఫిర్యాదును ఏజెన్సీకీ, పనిచేసే కార్యాలయ అధిపతికీ ఒకేసారి పంపడం అవసరం. లేకపోతే ఒకరు మరొకరి మీదకు నెడతారు.

పోలీసు స్టేషన్‌కు వెళ్తే

వేధింపు భరించలేని దశలో చాలామందికి మొదట తోచేది పోలీసు కేసు. ఏమి సాధ్యమో ఇక్కడ జాగ్రత్తగా చూడాలి.

2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో నేరపూరిత బెదిరింపు 351వ సెక్షన్, శాంతిభంగానికి రెచ్చగొట్టేలా ఉద్దేశపూర్వకంగా అవమానించడం 352వ సెక్షన్, పరువు నష్టం 356వ సెక్షన్ కిందికి వస్తాయి. గదిలో బంధించి రాజీనామా రాయించుకుంటే అక్రమ నిర్బంధానికి 127వ సెక్షన్, చేయి చేసుకుంటే 115వ సెక్షన్ ఉన్నాయి. 352, 356 సెక్షన్లు పోలీసులు మెజిస్ట్రేటు అనుమతి లేకుండా దర్యాప్తు చేయలేని తరగతికి చెందినవి. అందుకే ‘కోర్టుకు వెళ్లండి’ అన్న జవాబు స్టేషన్‌లో తరచుగా వస్తుంది. దర్యాప్తుకు అర్హమైన నేరంపై కూడా ఎఫ్ఐఆర్ నమోదు చేయకపోతే ఉన్నత పోలీసు అధికారికి రాతపూర్వకంగా పంపి, ఆ తర్వాత మెజిస్ట్రేటును ఆశ్రయించే వీలు, నేర విచారణ విధానాన్ని చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 173, 175 సెక్షన్లలో ఉంది.

అసలు చిక్కు నిరూపణలో ఉంది. సికింద్రాబాదులోని ఒక కేంద్ర సంస్థలో కోవిడ్ కాలంలో పై అధికారి తనను అరిచి అవమానించారని ఒక అధ్యాపకురాలు పెట్టిన కేసు తెలంగాణ నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పని విషయంలో సీనియర్ మందలించడాన్ని, కేవలం దురుసుతనాన్ని, మర్యాదలేనితనాన్ని ఉద్దేశపూర్వక అవమానంగా చూడలేమని 2025 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. క్రిమినల్ కేసు కొట్టివేశారు. క్రమశిక్షణను నిలబెట్టవలసిన అధికారి ప్రతి మందలింపుకూ జైలు భయంతో ఉండకూడదన్నది ఆ తీర్పులోని తర్కం. ఆ తర్కంలో పస ఉంది. మందలింపునకూ, నెలల తరబడి సాగే దూషణకూ మధ్య గీత ఎక్కడ గీయాలో చెప్పే మరో చట్టం లేకపోవడం వల్లనే ఆ బరువంతా క్రిమినల్ చట్టం మీద పడుతోంది.

ఉద్యోగి ఆత్మహత్య చేసుకున్న కేసుల్లో కుటుంబాలు పై అధికారులపై 108వ సెక్షన్ కింద ఆత్మహత్యకు ప్రేరేపించిన కేసు పెట్టమంటాయి. కుటుంబ సంబంధాలకూ, ఉద్యోగ సంబంధాలకూ తేడా ఉందని, ఉద్యోగ సంబంధాల్లో ప్రేరేపణ నిలవాలంటే ప్రత్యేకమైన ఉద్దేశం, నేరుగా అటువైపు నెట్టిన చర్య కనిపించాలని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో చెప్పింది. అంత దూరం వెళ్లక ముందే సాయం అందవలసిన చోటు ఇది: టెలీ మానస్ 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులో ఉచితంగా మానసిక సలహా దొరుకుతుంది.

లైంగిక వేధింపు: గడువు చిన్నది, యంత్రాంగం పెద్దది

పనిచోట లైంగిక వేధింపుపై సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన ‘విశాఖ’ తీర్పు తర్వాత 16 ఏళ్లకు వచ్చిన 2013 చట్టం మహిళలకు ఉన్న దారుల్లో అన్నిటికంటే వివరమైనది. పది మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే తక్కువ మంది ఉన్నా, ఫిర్యాదు యజమాని మీదనే అయినా జిల్లాలోని స్థానిక కమిటీ వింటుంది. ట్రైనీలు, కాంట్రాక్టు సిబ్బంది, ఇంటిపని చేసే మహిళలు కూడా దీని పరిధిలోకి వస్తారు. నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల్లో ఇళ్లలో బీడీలు చుట్టే మహిళకు కార్ఖానాదారుడి దగ్గర ఇలాంటి ఇబ్బంది ఎదురైతే అంతర్గత కమిటీ ఉండే అవకాశం తక్కువ కాబట్టి, ఆమె వెళ్లగలిగేది స్థానిక కమిటీ దగ్గరకే.

2021లో వరంగల్ జిల్లాల పేర్లు, సరిహద్దులు మారినందున ఇక్కడొక చిన్న తికమక ఉంది. మడికొండ, కాజీపేట హనుమకొండ జిల్లాలో ఉన్నాయి; గీసుగొండ, సంగెం వరంగల్ జిల్లాలో ఉన్నాయి. స్థానిక కమిటీ జిల్లాకొకటి. పోలీసు కమిషనరేట్ మాత్రం ఈ రెండు జిల్లాలకూ ఒకటే. పనిచేసే చోటు ఏ జిల్లా కిందికి వస్తుందో చూసుకుని ఫిర్యాదు పంపాలి. కేంద్ర ప్రభుత్వ షీ–బాక్స్ పోర్టల్ ద్వారా కూడా నమోదు చేయవచ్చు.

చివరి సంఘటన జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించగలదు, అంతకు మించి లేదు. విచారణ 90 రోజుల్లో ముగియాలి, నివేదికపై యజమాని 60 రోజుల్లో చర్య తీసుకోవాలి. విచారణ సాగుతుండగా బదిలీ, మూడు నెలల వరకు సెలవు కోరే హక్కు ఫిర్యాదుదారుకు ఉంది. రుజువు చూపలేకపోయినంత మాత్రాన ఫిర్యాదును అబద్ధంగా పరిగణించరాదని చట్టమే చెబుతుంది. కమిటీ వేయని యజమానికి 50,000 రూపాయల వరకు జరిమానా పడుతుంది.

ఈ చట్టం 3వ సెక్షన్‌లో ‘ప్రతికూల పని వాతావరణం’, ‘ఆరోగ్యానికి, భద్రతకు హాని కలిగించే అవమానకర ప్రవర్తన’ అన్న మాటలున్నాయి. వేధింపుకు మన చట్టాల్లో దొరికే అతి దగ్గరి వర్ణన బహుశా ఇదే. కానీ లైంగిక వేధింపుతో సంబంధం ఉన్నప్పుడే అవి వర్తిస్తాయి. పశ్చిమ బెంగాల్‌లోని ఒక విశ్వవిద్యాలయ అధ్యాపకురాలి కేసులో సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో ఇచ్చిన తీర్పు ఈ పరిమితిని బాగా చూపిస్తుంది. లైంగిక వేధింపు ఆరోపణ తర్వాత ఆమెను ఒక పదవి నుంచి తప్పించడం వంటి పరిపాలనా చర్యలను వేధింపు కొనసాగింపుగా లెక్కించలేమని, కాబట్టి గడువు దాటిపోయిందని న్యాయస్థానం తేల్చింది. తర్వాత వచ్చే కక్షసాధింపు మెమోలను చూసి ‘ఇంకా జరుగుతూనే ఉంది కదా’ అని ఆగడం ఎంత ప్రమాదమో దీనివల్ల అర్థమవుతుంది. పురుషులు ఈ చట్టం కింద ఫిర్యాదు చేయలేరు.

కులం, వైకల్యం

ఎస్సీ, ఎస్టీ ఉద్యోగిని ఆ వర్గాలకు చెందని వ్యక్తి అందరికీ కనిపించే చోట ఉద్దేశపూర్వకంగా అవమానించినా, కులం పేరుతో తిట్టినా 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం 3వ సెక్షన్ వర్తిస్తుంది. ముందస్తు బెయిలుకు సాధారణంగా వీలుండదు. డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేయాలి. ఇక్కడ కేసు తేలేది ‘అందరికీ కనిపించే చోటు’ అన్న మాట మీద. నాలుగు గోడల మధ్య, బయటివారెవరూ లేనప్పుడు అన్న మాటలకు ఈ సెక్షన్ వర్తించదని 2020లో, ఒక రెవెన్యూ కార్యాలయ గదిలో జరిగిన ఘటనపై 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఆ సమయంలో గదిలో ఎవరెవరున్నారు, తలుపు తెరిచి ఉందా, బయట వేచి ఉన్నవారికి వినిపించిందా అన్న వివరాలు ఫిర్యాదులోనే ఉండాలి. తర్వాత చేర్చితే కల్పించినట్టు కనిపిస్తాయి.

దివ్యాంగ ఉద్యోగిని అందరి ఎదుట కావాలని అవమానించడం 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు శిక్ష ఉంది. ప్రభుత్వ సంస్థల్లో ఫిర్యాదుల అధికారి ఉండాలి; రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌ను కూడా ఆశ్రయించవచ్చు.

రాజీనామా రాసే ముందు

వేధింపు చాలాసార్లు ముగిసేది రాజీనామాతో. యాజమాన్యానికి అది అనుకూలం, ఎందుకంటే పైన చెప్పిన దారుల్లో ఎక్కువ భాగం తొలగింపు మీద ఆధారపడి ఉన్నాయి. రాజీనామా కాగితం ఉంటే తొలగింపే లేదని వాదించవచ్చు. బలవంతంగా రాయించుకున్న రాజీనామాను న్యాయస్థానాలు తొలగింపుగా చూడగలవు గానీ, బలవంతం జరిగిందని నిరూపించవలసింది ఉద్యోగి. ‘వ్యక్తిగత కారణాల వల్ల’ అని రాసి, ఆరు నెలల తర్వాత వేధింపు వల్ల అంటే నమ్మించడం కష్టం. ఒత్తిడితో సంతకం పెట్టవలసి వస్తే, అదే రోజు ఈమెయిలులో లేదా రిజిస్టర్డ్ పోస్టులో జరిగింది రాసి రాజీనామాను వెనక్కి తీసుకుంటున్నట్టు తెలపాలి. ఆమోదానికి ముందే వెనక్కి తీసుకున్న రాజీనామా సాధారణంగా చెల్లదు.

ఉద్యోగం ఏ విధంగా ముగిసినా, రెండు పని దినాల్లో బకాయి జీతం మొత్తం చెల్లించాలని వేతనాల కోడ్ చెబుతుంది. ‘ఫుల్ అండ్ ఫైనల్’ కోసం నెలల తరబడి తిప్పించుకోవడం ఆనవాయితీగా మారింది గానీ, దానికి చట్టం మద్దతు లేదు. బకాయిల కోసం మూడేళ్లలోగా దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఆధారాలు, న్యాయ సహాయం

ఏ దారిలో వెళ్లినా అడిగేది కాగితమే. మౌఖికంగా ఇచ్చిన ఆదేశాన్ని ‘మీరు ఈరోజు చెప్పినట్టు’ అంటూ ఈమెయిలులో తిరిగి రాసి పంపడం చాలా సాదా పద్ధతి. దానికి జవాబు రాకపోయినా అది రికార్డుగా మిగులుతుంది. తేదీ, సమయం, ఎదుట ఉన్నవారి పేర్లతో రాసుకున్న పుస్తకం, వైద్యుడి చీటీలు, వాట్సాప్ సందేశాలు పనికొస్తాయి. ఫోనులోని రికార్డింగులు, స్క్రీన్‌షాట్లు కోర్టులో నిలవాలంటే సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కోరే ధ్రువపత్రం జతచేయాలి, అసలు ఫోనును భద్రంగా ఉంచాలి. తాను పాల్గొన్న సంభాషణను రికార్డు చేయడం ఒక విషయం. కంపెనీ ఖాతాదారుల వివరాలున్న ఫైళ్లను సొంత ఈమెయిలుకు పంపుకోవడం పూర్తిగా వేరు. రెండోది ఫిర్యాదుదారునే ముద్దాయిని చేయగలదు.

వకీలు ఖర్చు భరించలేమని ఆగిపోయేవారికి 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ఉంది. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. మిగతావారికి ఆదాయ పరిమితి వర్తిస్తుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు కోర్టు ప్రాంగణాల్లోనే పనిచేస్తాయి. హనుమకొండలో అదాలత్ (కోర్టు ప్రాంగణం) దగ్గరికి వెళ్లి దరఖాస్తు ఇవ్వవచ్చు, లేదా 15100కు ఫోను చేయవచ్చు. నియామక పత్రం, గత మూడు నెలల జీతం చీటీలు, వచ్చిన మెమోలు, ఇచ్చిన జవాబులు తేదీల వరుసలో పెట్టుకుని వెళ్తే, ఏ చట్టం కింద, ఎక్కడ, ఎప్పటిలోగా అన్నది మొదటి రోజే తేలే అవకాశం ఉంటుంది.